‘సీరియస్ మెన్’ నవల: అయ్యన్ మణి మోసగాడా, మనకు అద్దమా? (విశాఖ పాఠకుల చర్చ)

పాతనగరం_పాఠకుడు | శనివారం రాత్రి 9:10

ఈ నెల మన బృందం తీసుకున్న నవల మను జోసెఫ్ రాసిన ‘సీరియస్ మెన్’. 2010లో ఇంగ్లిషులో వచ్చింది. హిందూ పత్రిక ఉత్తమ నవలకు పురస్కారం ఇవ్వడం మొదలుపెట్టింది ఆ ఏడాదే, అది దీనికే దక్కింది. ద్వారకానగర్‌లో కూర్చుని సాయంత్రమంతా మాట్లాడుకున్నా తెగలేదు. ఇద్దరు అలిగి టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఎవరో చెప్పను, ఇద్దరూ ఈ వేదిక మీదే ఉన్నారు.

చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ముంబైలో ఒక పెద్ద పరిశోధన సంస్థ. డైరెక్టరు అరవింద్ ఆచార్య బ్రాహ్మణుడు, మేధావి, ముక్కు మీద కోపం. ఆయన గది బయట కూర్చునే పీఏ అయ్యన్ మణి దళితుడు, బౌద్ధుడు. ఉండేది వర్లీలోని బీడీడీ చాల్‌లో. ఇంగ్లిషువాళ్ల కాలంలో 1920లలో కట్టిన గదులవి, ఒక్కొక్కటి 160 చదరపు అడుగులు, మరుగుదొడ్లు ఉమ్మడి. లోపల శాస్త్రవేత్తలు విశ్వం ఎలా పుట్టిందని తగువులాడుకుంటుంటే బయట ఇతను వాళ్ల ఫోన్లు వింటాడు, ఉత్తరాలు చదువుతాడు, కొడుకు ఆదిని బాల మేధావి అని ఊరంతా నమ్మిస్తాడు. ఆ పిల్లవాడు చెవికి యంత్రం పెట్టుకునే మామూలు పిల్లవాడు.

నాకు బాగా నచ్చింది నల్లబల్ల సంగతి. సంస్థలో రోజూ ‘నేటి సూక్తి’ రాసే పని అయ్యన్‌ది. మహానుభావుల పేర్లు కింద పెట్టి పైన తన సొంత మాటలు రాస్తాడు. అగ్రవర్ణాలకు వాతలు పెట్టే ఆ మాటలను పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు నిలబడి చదువుకుని వెళతారు. నిజమా కాదా అని ఒక్కరూ వెతకరు. కింద పేరు పెద్దదైతే చాలు. కులం పనిచేసే తీరు కూడా ఇదే కదా!

మీ అభిప్రాయాలు రాయండి. ముగింపు మాత్రం ఎవరూ బయటపెట్టకండి.

అలల_వెంకటగిరి | శనివారం రాత్రి 9:32

నేను సినిమా చూశాను. 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. నవాజుద్దీన్ సిద్దిఖీ అయ్యన్, మన నాజర్ ఆచార్య. ‘కొత్త బంగారు లోకం’ కథానాయిక శ్వేతా బసు ప్రసాద్ కూడా ఉంది. బాగానే ఉంది. పుస్తకం కూడా చదవాలా?

పాతనగరం_పాఠకుడు | శనివారం రాత్రి 9:40

చదవాలి. సినిమా తండ్రీకొడుకుల మీద నిలబడింది. నవలలో దాదాపు సగం శాస్త్రవేత్తల కుమ్ములాట. అది తీసేస్తే పులుసులో చింతపండు తీసేసినట్టే.

ఎర్రమట్టిదిబ్బ | శనివారం రాత్రి 10:25

అలిగి వెళ్లినవాళ్లలో నేను ఒకడిని. దాచడం దేనికి?

నా అభ్యంతరం సూటిగా చెబుతాను. రచయిత దళితుడు కాదు. ఆయన సృష్టించిన దళిత నాయకుడు ఎలాంటివాడు? అబద్ధాలకోరు, దొంగచాటుగా వినేవాడు, ఆడవాళ్లను ఎగాదిగా చూసేవాడు, కన్నకొడుకును అడ్డం పెట్టుకుని ఆట ఆడేవాడు. ‘వీళ్లకు ప్రతిభ ఉండదు, ఉందని చెబితే అందులో మోసం ఉంటుంది’ అని రిజర్వేషన్ల మీద కాఫీ కప్పుల దగ్గర వినపడే మాట ఉంది చూశారా, ఈ కథ దానికి సాక్ష్యం పలికినట్టు లేదా? ఆది నిజంగా తెలివైనవాడైతే రచయిత సొమ్మేం పోయేది? అప్పుడు అగ్రహారం మొత్తం ఏమవుతుందో చూపించి ఉంటే అది అసలైన వ్యంగ్యం.

మనకు ఆ దారి చూపినవాళ్లు లేకపోలేదు. 1941లో జాషువా ‘గబ్బిలం’ రాశారు. అందులో అంటరాని మనిషికి గుడిలోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది, అందుకని శివుడి చెవిలో తన బాధ చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. మేఘంతో ప్రేమ సందేశం పంపిన కావ్య సంప్రదాయాన్ని అలా తలకిందులు చేశారు. అందులో వ్యంగ్యం మొత్తం గుడి తలుపు మీద పడుతుంది, బయట నిలబడ్డవాడి మీద ఒక్క చుక్క పడదు.

గాజువాక_మాస్టారు | శనివారం రాత్రి 11:05

ఎర్రమట్టిదిబ్బ గారూ, మీ కోపం అర్థమైంది. కానీ ఒక ప్రశ్న. మీకు గిరీశం ఇష్టమేనా?

‘కన్యాశుల్కం’ నాటకాన్ని 1892లో మొదటిసారి ఆడినప్పటి నుంచి ఉత్తరాంధ్ర మొత్తం గిరీశాన్ని చూసి నవ్వుతూనే ఉంది. అతను చేయనిది ఏముంది? పూటకూళ్లమ్మ డబ్బు తింటాడు. వచ్చీరాని ఇంగ్లిషు నాలుగు ముక్కలు విసిరి కుర్రవాణ్ణి బుట్టలో వేసుకుంటాడు. వితంతువు అయిన బుచ్చమ్మను నమ్మించి ఇల్లు దాటిస్తాడు. అయినా మనం అతనిమీద ఈగ వాలనివ్వం. ‘ఎంత గడుసువాడండీ’ అంటాం. అతన్ని చూసి బ్రాహ్మణ కులానికే మచ్చ అని ఎవరూ అనలేదు.

అయ్యన్ మణి అవే పనులు చేస్తే మాత్రం మనకు నీతి గుర్తుకొస్తుంది. గడుసుతనం కూడా ఒక కులం సొత్తేనా? దళిత పాత్ర అయితే కన్నీళ్లు పెట్టాలి, లేదా కత్తి పట్టాలి, లేదా కలెక్టరు కావాలి. మధ్యలో మామూలు వెధవగా ఉండే హక్కు లేదు. నాకు ఈ నవలలో గొప్పగా అనిపించింది అదే. అయ్యన్‌కు ఆ హక్కు ఇచ్చింది.

ఎర్రమట్టిదిబ్బ | శనివారం రాత్రి 11:20

మాస్టారూ, గిరీశాన్ని రాసిన చెయ్యి ఆ అగ్రహారంలోనిదే. తనవాళ్ల వీపు మీద తాను చరుచుకున్నాడు. ఇక్కడ వీపు ఒకరిది, చెయ్యి ఇంకొకరిది. ఈ తేడా మీరు తేల్చేదాకా నేను కదలను.

గాజువాక_మాస్టారు | శనివారం రాత్రి 11:26

తేడా ఉంది. ఒప్పుకుంటాను. అయినా నా ప్రశ్నకు జవాబు రాలేదు.

చినవాల్తేరు | ఆదివారం ఉదయం 7:48

నేను భౌతికశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి ఆచార్య వైపు నుంచి చెబుతాను. మీరంతా ఆయనను పూర్తిగా వదిలేశారు.

బిగ్ బ్యాంగ్‌ను ఆచార్య నమ్మడు. సూక్ష్మజీవులు ఆకాశం నుంచి భూమి మీదకు రాలుతుంటాయని, బెలూను పంపి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టుకుంటే దొరుకుతాయని ఆయన వాదం. ఇది గాలి నుంచి పుట్టిన కథ కాదు. ఇస్రో అలాంటి ప్రయోగాలు 2001లో, 2005లో నిజంగానే చేసింది. బెలూన్లు ఎగిరింది టాటా మౌలిక పరిశోధన సంస్థ వాళ్ల హైదరాబాద్ కేంద్రం నుంచే. 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య పట్టిన గాలిలో అంతకుముందు తెలియని మూడు బ్యాక్టీరియాలు దొరికాయని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఇంకొకదానికి ఫ్రెడ్ హోయిల్ పేరు పెట్టారు. హోయిల్‌తో కలిసి బిగ్ బ్యాంగ్‌కు ఎదురు నిలిచిన మన జయంత్ నార్లికర్ ఆ ప్రయోగాల వెనుక ఉన్నారు. ఆచార్య ఆయనే అనడం లేదు. ఆ పాత్ర తల లోపల తిరిగే శాస్త్రం మాత్రం ఇక్కడి నేల మీదిదే.

ఇక వ్యంగ్యం ఎక్కడుందంటే, ఒక వర్గం గాలిలో సూక్ష్మజీవుల కోసం వెతకాలంటుంది. ఆచార్యకు ఎదురు నిలిచిన శాస్త్రవేత్త నంబూద్రి వర్గం రేడియో టెలిస్కోపులతో గ్రహాంతరవాసుల మాటలు వినాలంటుంది. అయ్యన్ దృష్టిలో అది బ్రాహ్మణుల యుద్ధం. కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఎవరైనా ఉన్నారా అని చెవులు రిక్కించేవాళ్లకు తలుపు అవతల మూడు అడుగుల్లో కూర్చున్నవాడు కనపడడు. ఈ సంగతిని రచయిత ఎక్కడా నోరు తెరిచి చెప్పడు. అందుకే తగులుతుంది.

ఆచార్యను కూడా ఆయన కార్టూనుగా గీయలేదు. ఆ మనిషికి శాస్త్రం మీద ఉన్న పిచ్చి నిజమైనది. అంత పెద్ద బుర్రకు కులం అనేది ఒక్కసారి కూడా ప్రశ్నగా తట్టకపోవడం దానికంటే నిజం.

రోస్టర్_రిటైర్డ్ | ఆదివారం ఉదయం 10:15

నేను పెద్దగా నవలలు చదవను. మా అమ్మాయి బలవంతం మీద చదివాను. చదువుతుంటే నా పాత బల్ల గుర్తుకొచ్చింది.

ఈ ఊళ్లోనే ఒక కార్యాలయంలో సిబ్బంది విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. రోస్టరు రిజిస్టరు నా చేతిలో ఉండేది. అది ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. 1995లో సబర్వాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, 1997 జులై 2 నుంచి కేంద్రం పద్ధతి మార్చింది. ప్రతి పోస్టుకూ ఒక వరుస సంఖ్య. దేశవ్యాప్త పోటీ పరీక్షల నియామకాల్లో నాలుగోది ఓబీసీకి, ఏడోది ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి, ఇలా సాగుతుంది. గీతలు కొట్టిన పెద్ద పుస్తకం. రిజర్వు గళ్లు నేను ఎర్ర సిరాతో రాసేవాణ్ణి.

మామూలు రోజుల్లో నా బల్ల వైపు చూడని అధికారులు ఖాళీలు పడగానే వచ్చి పక్కన నిలబడేవారు. గొంతు తగ్గించి ‘తరువాతిది ఎవరిదండీ?’ అనేవారు. పేరు, అర్హత, అనుభవం, ఇవేవీ అడిగేవారు కాదు. ‘ఎవరిది’ అనే.

ఒకసారి ఎస్సీ అభ్యర్థి ఒకతను ఎలాంటి సడలింపూ తీసుకోకుండా మొత్తం జాబితాలో పైన నిలిచాడు. నిబంధన ప్రకారం అతన్ని జనరల్ పోస్టులోనే లెక్కించాలి, ఎస్సీ గడి ఇంకొకరికి మిగలాలి. నా పైఅధికారి పెన్సిలుతో అతని పేరు తీసుకెళ్లి ఏడో గడిలో పెట్టాడు. ‘అక్కడైతే అతనికీ సౌకర్యంగా ఉంటుంది కదా’ అన్నాడు. ఆ పెద్దమనిషి గొంతులో ఎంత దయ ఉందో ఇప్పటికీ చెవిలో వినపడుతుంది. నేను ఉత్తర్వు కాగితం తీసి, ఆ పేరా కింద వేలు పెట్టి చూపించాను. చదివి, రబ్బరు అడిగి తీసుకుని తనే చెరిపాడు. ఆ తర్వాత రెండు ఇంక్రిమెంట్ల దాకా నాతో మాట్లాడలేదు.

ఎర్రమట్టిదిబ్బ గారు అన్నారు, ఆది నిజంగా తెలివైనవాడైతే ఏం జరిగేదో రచయిత చూపించలేదని. చూపించనక్కరలేదు సార్. పెన్సిలు వచ్చేది.

చినవాల్తేరు | ఆదివారం ఉదయం 10:52

సార్, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ రోస్టరు నవలలోని సంస్థను ఎక్కడ తాకుతుందో చెబుతాను.

అధ్యాపక పోస్టుల రిజర్వేషన్లకు విశ్వవిద్యాలయం మొత్తాన్ని కాకుండా ఒక్కొక్క శాఖను విడిగా లెక్కించాలని 2017లో అలహాబాద్ హైకోర్టు అంది. 2018 మార్చిలో యూజీసీ దాన్ని అమలు చేయమంది. మీ లెక్క ప్రకారం ఏడు కంటే తక్కువ పోస్టులున్న శాఖలో ఎస్సీ గడి అసలు రాదు. పద్నాలుగు లేకపోతే ఎస్టీ గడి రాదు. మన దగ్గర చాలా శాఖల్లో ఏడుగురు అధ్యాపకులు ఎక్కడున్నారు? దేశమంతా గొడవ జరిగి 2019లో పార్లమెంటు చట్టం చేసింది, సంస్థ మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకోవాలని.

అదే చట్టం చివర ఒక పట్టిక ఉంది. ఈ రిజర్వేషన్లు వర్తించని ఉన్నత పరిశోధన సంస్థల జాబితా. అందులో ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ పేరు ఉంది. నవలలోని కల్పిత సంస్థకు ఊరు, సముద్రం, పని అన్నీ దానికి దగ్గరగానే ఉంటాయి. నవల వచ్చిన తొమ్మిదేళ్లకు చట్టం వచ్చి దానికి అడుగున సంతకం పెట్టింది.

జ్ఞానాపురం | ఆదివారం మధ్యాహ్నం 1:30

చర్చి నుంచి ఇప్పుడే వచ్చి ఇదంతా చదివాను. సిస్టర్ చాస్టిటీ గురించి ఎవరూ రాయలేదేమిటి? నవల మొత్తంలో నన్ను పగలబడి నవ్వించింది ఆవిడే. ఆది చదివే బడి ప్రిన్సిపాలు. అయ్యన్ వచ్చినప్పుడల్లా కుటుంబం క్రైస్తవంలోకి వస్తే ఎన్ని సౌకర్యాలుంటాయో మెత్తగా సూచిస్తుంది. అయ్యన్ అంతకంటే మెత్తగా తప్పించుకుంటాడు. ఇద్దరూ బేరగాళ్లే.

ఈ బేరం వెనుక లెక్క మా పేటలో పిల్లలకు కూడా తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు బీసీ-సీలోకి వస్తారు, వాళ్లకు ఒక్క శాతం. బౌద్ధుడైన అయ్యన్‌కు హోదా ఉంది. సిస్టర్ మాట వింటే పోతుంది. ఫీజు రాయితీ చూపించి తరతరాల కాగితం అడుగుతోందన్నమాట, అదీ దేవుడి పేరు మీద.

హోదా పోయినా కులం పోదు. అది రచయిత రాయలేదు. మా శ్మశానంలో వరుసలు చూస్తే తెలుస్తుంది. ఆ మాట ఇక్కడితో ఆపుతాను, నన్ను మళ్లీ ఇంట్లో తిట్టిస్తారు.

గాజువాక_మాస్టారు | ఆదివారం సాయంత్రం 5:05

బాల మేధావి సంగతి మీద నాకు ఒక హక్కు ఉంది, వృత్తిరీత్యా. నేను లెక్కల మాస్టారిని.

మన ఊళ్లో ఎన్ఏడీ కూడలి దాటితే పిల్లల ముఖాలు ఆకాశంలో కనపడతాయి. ర్యాంకు ఒకటి, ర్యాంకు రెండు, ర్యాంకు నాలుగు. ఆరో తరగతికే ఐఐటీ పునాది. మొన్న ఒక తండ్రి కొడుకును తీసుకొచ్చి, ‘మాస్టారూ, మావాడు పందొమ్మిదో ఎక్కం నిద్రలో లేపినా చెబుతాడు’ అన్నాడు. వాడు గడగడ చెప్పాడు. ‘బాబూ, పందొమ్మిది ఏడులు చెప్పు’ అన్నాను. వాడు మొదటి నుంచి మొదలుపెట్టాడు, పెదవులు కదిలిస్తూ. నడుమ తండ్రి వైపు చూశాడు. తండ్రి పెదవులు కూడా కదులుతున్నాయి.

అయ్యన్ చేసిన మోసం ఆ తండ్రి చేసే పనికి ఒక మెట్టు పైన, అంతే. ఆ తండ్రి కారులో వచ్చాడు, కాబట్టి దాన్ని మనం శ్రద్ధ అంటాం.

సీతమ్మధార_అద్దెదారు | ఆదివారం సాయంత్రం 6:40

మాస్టారి మాటకు జోడింపు. అద్దె ఇంటి కోసం తిరిగిన ప్రతిచోటా మొదట ఇంటిపేరు అడిగారు, తరువాత ఊరు, ఆ తరువాత ‘మాంసం వండుతారా’ అని. మూడింటికీ జవాబు విన్నాక ఇల్లు నిన్ననే ఇచ్చేశామన్నారు. బోర్డు మాత్రం నెల తరువాత కూడా గేటుకే వేలాడింది. చివరికి ఒక చోట ఇంటిపేరు మార్చి చెప్పాను. ఇల్లు దొరికింది. నన్ను కూడా అయ్యన్ జాబితాలో వేసుకోండి.

నిర్వాహకులు | ఆదివారం సాయంత్రం 7:15

ఒక సభ్యుడు ఫలానా కులం వాళ్లంతా ఇంతే అంటూ రాసిన రెండు వ్యాఖ్యలు తొలగించాం. నవల మీద ఎంత కోపమైనా పడండి. తోటి సభ్యుల కులం ఆరా తీయవద్దు.

సంపెంగ | ఆదివారం రాత్రి 8:50

అలిగి వెళ్లిన రెండో వ్యక్తిని నేను. ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను, ఎవరైనా ఎత్తుతారేమోనని. ఎర్రమట్టిదిబ్బ గారు ఒక్క మాట అని దాటేశారు, మిగతావారు అదీ లేదు.

నవల మొదలయ్యేది వర్లీ సముద్రం ఒడ్డున. సాయంత్రం నడకకు వచ్చిన ఆడవాళ్లను అయ్యన్ చూస్తుంటాడు. నేను రోజూ ఆర్కే బీచ్ రోడ్డులో నడుస్తాను. ఆ చూపు నాకు పుస్తకంలో చదవనక్కరలేదు, వీపు మీద తెలుస్తుంది. సరే, అది పాత్ర చూపు. అయ్యన్ సాధువు కాడు. ఒప్పుకున్నాను.

అపర్ణ సంగతి ఏమిటి? ఆ సంస్థలో చెప్పుకోదగ్గ ఒకే ఒక్క స్త్రీ శాస్త్రవేత్త. మగవాళ్ల మధ్య తలెత్తుకుని పనిచేసే మనిషి. కథ ఆమెను ఏం చేసింది? ముసలి డైరెక్టరుతో ప్రేమలో పడేసింది. అతను వదిలేస్తే పగ పట్టించింది. ఇంతకాలం ఆమె చేసిన శాస్త్రం గురించి నాలుగు పేరాలు కూడా గుర్తులేవు నాకు. అయ్యన్ భార్య ఓజాకు దక్కింది టీవీ సీరియళ్లు, వంటగది, కొడుకు గురించి బెంగ. కులం మీద ఇంత పదునుగా చూసిన కన్ను ఆడవాళ్ల దగ్గరకు వచ్చేసరికి పాత వారపత్రిక జోకు అయిపోయింది.

మాస్టారూ, మీరు అయ్యన్‌కు వెధవగా ఉండే హక్కు కావాలన్నారు. బాగుంది. అపర్ణకు మామూలు శాస్త్రవేత్తగా ఉండే హక్కు ఎవరిస్తారు? గిరీశాన్ని చూసి మీరు నవ్వుతున్నప్పుడు బుచ్చమ్మ ఎక్కడుందో ఎప్పుడైనా చూశారా?

గాజువాక_మాస్టారు | ఆదివారం రాత్రి 9:20

మధురవాణి ఉంది కదమ్మా. ఆ నాటకంలో అందరికంటే తెలివైనది ఆమే.

సంపెంగ | ఆదివారం రాత్రి 9:27

ఉంది. అందుకే గురజాడను ఇప్పటికీ క్షమిస్తున్నాను. ఈ నవలలో మధురవాణి ఎవరో చూపించండి.

ఎర్రమట్టిదిబ్బ | ఆదివారం రాత్రి 9:41

లేదు. సంపెంగ గారితో నేను ఏకీభవిస్తున్నాను. నా వాదన కూడా ఇదే, వేరే తలుపు నుంచి వచ్చాను. ఎవరి గురించి రచయితకు దగ్గరగా తెలియదో వాళ్లను ఒకే కోరికతో నింపేస్తాడు. అయ్యన్‌కు పగ, అపర్ణకు పగ. ఆచార్యకు మాత్రం విశ్వమంతా ఇచ్చాడు.

చినవాల్తేరు | ఆదివారం రాత్రి 10:03

ఇది బలమైన మాట. అయినా పూర్తిగా ఒప్పుకోను. అయ్యన్ నల్లబల్ల దగ్గర పగ తీర్చుకోవడం లేదు, ఆనందిస్తున్నాడు. చాల్‌లో రాత్రి కొడుకుతో కలిసి పథకం వేసేటప్పుడు ఆ ఇద్దరూ ఆడుకుంటున్నారు. విసుగు నుంచి, ఇరుకు నుంచి తప్పించుకోవడానికి తండ్రీకొడుకులు కనిపెట్టిన ఆట అది. పగ అయితే ఇంత సరదాగా ఉండదు. అపర్ణ విషయంలో మాత్రం సంపెంగ గారికి నా దగ్గర జవాబు లేదు. ఆ అధ్యాయాలు రెండోసారి చదివాను, ఇంకా చిరాకు పెరిగింది.

అలల_వెంకటగిరి | ఆదివారం రాత్రి 10:30

సరే, పుస్తకం చదువుతాను. ఎవరి దగ్గరైనా ఉంటే ఇవ్వగలరా? ఎంవీపీ కాలనీ వైపు అయితే నేనే వచ్చి తీసుకుంటాను.

రోస్టర్_రిటైర్డ్ | సోమవారం ఉదయం 6:55

మా అమ్మాయి ప్రతి ఉంది బాబూ. పెన్సిలుతో అండర్‌లైన్లు ఉంటాయి, ఏమీ అనుకోవద్దు. అపర్ణ ఉన్న పేజీల్లో అంచున అన్నీ ప్రశ్నార్థకాలే పెట్టింది. అవి నావి కావు.